వెనుక బల్లమీది గురువు

గత కార్తికమాసమున నొకనాటి రాత్రి మావారు కంచము ముందు గూర్చుండి, అన్నము కెలకుచు మాటాడకుండిరి. అడుగగా నడుగగా సంగతి తెలిసినది. వారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. ఆనాడు సహోపాధ్యాయు లొకరు వారి తరగతిలో గూర్చుండి, గడులు గీసిన కాగితముపై గుర్తులు పెట్టి, సాయంకాల మందఱి యెదుట చదివిరట: "కంఠధ్వని బాగున్నది. నల్లబల్ల వాడకము చాలదు." అంతే. "నేను పాఠము చెప్పితినా, పెండ్లిచూపులకు గూర్చుంటినా?" యని మావారి యావేదన. సోదరీమణులారా, ఆ బాధ మనకు గ్రొత్తదా?

బాల్యమున మా నాన్నగారు నాచేత మాళవికాగ్నిమిత్రమును జదివించిరి. అందు గణదాస హరదత్తులను నాట్యాచార్యు లిరువురు తమలో నెవ రధికులని కలహించి రాజు నాశ్రయింతురు. తీర్పరియైన పండితకౌశికి గురువులను ఆడుమనలేదు. శిష్యుల నాట్యమును జూపుడనెను. (రాజుగారికి మాళవికను జూడవలెనను కోరిక వేఱుగ నున్న దనుకొనుడు!) ఈ కథను జ్ఞాపకము చేసి, "మిమ్ము జూచినవారు పిల్లలను జూచిరా?" యని యడిగితిని. వారు బదులు చెప్పలేదు గాని, అన్నము మాత్రము తినిరి.

ఆ పాఠశాలలోనే గణితము చెప్పు ఉపాధ్యాయిని యొకరు కలరు, నాకన్న చిన్నది. సభలో మావారి ముఖము చూచినది కాబోలు, మఱునాడు వారిని తన ఆఱవ తరగతికి బిలిచి, "మాస్టారూ, నన్ను జూడవద్దు. ఆ మూలనున్న పిల్లవాని నొక్కనినే చూడుడు" అనెనట. మావారు వెనుక బల్లపై, వాని ప్రక్కన గూర్చుండిరి.

ఆమె యిచ్చిన లెక్క యిది: "రామునియొద్ద 12 పండ్లున్నవి. ఇవి సోముని పండ్లకన్న 5 ఎక్కువ. సోమునియొద్ద నెన్ని?" ప్రశ్న వేసి యామె యూరకుండెను. వెంటనే లేచిన చేతులను జూడనట్లే నిలిచెను. కొంతసేపటికి ఆ మూలపిల్లవాడు నోరు విప్పి "17" అనెను. ఆమె తప్పనలేదు, "ఎట్లు వచ్చినది?" అనెను. "ఎక్కువ అన్నారు గదండీ, కలిపినాను."

వానికి తీసివేత రాదని యామె యిన్నాళ్లు తలచుచుండెనట. "వానికి రానిది తీసివేత గాదమ్మా, సర్వనామము. 'ఇవి' యనగా నెవరి పండ్లో వానికి దెలియలేదు" అని మావారనిరి. ఆ వారమే తెలుగు తరగతిలో "కన్న ఎక్కువ", "కన్న తక్కువ" వాక్యములను త్రిప్పి త్రిప్పి చెప్పించిరి. లెక్కలలో లోపమునకు మందు తెలుగు పాఠమున దొరకుట నాకు వింతగా దోచినది.

మావారు ఆమెవద్ద నేర్చినది మౌనము. ప్రశ్న వేసిన పిమ్మట ఉపాధ్యాయులు సాధారణముగా నొక్క సెకండు మాత్రమే యాగుదురనియు, మూడు సెకండ్లాగినచో పిల్లల సమాధానములు దీర్ఘములై, నోరు మెదపనివారును పలుకుదురనియు మేరీ బడ్ రో యను అమెరికా విదుషి 1974లో ప్రకటించినది. ఇంట మా యమ్మాయికి ఎక్కము లడుగునపుడు నేనును ప్రయత్నించితిని. మూడు సెకండ్లు ఎంత దీర్ఘమో చేసి చూచినగాని తెలియదు!

జపానుదేశమున ఈ పద్ధతి పందొమ్మిదవ శతాబ్దినాటికే మొదలైనది. దానిని వారు జుగ్యో కెన్క్యూ అందురు. ఉపాధ్యాయులు కొందఱు కలిసి యొక పాఠమును సిద్ధము చేయుదురు, ఒకరు బోధింతురు, తక్కినవారు పిల్లలెక్కడ తడబడిరో వ్రాసికొని, పిదప కూర్చుండి పాఠమును దిద్దుదురు. పాఠ మందఱిది గనుక తప్పును అందఱిదే. మనము ఆవకాయ నేర్చినది అత్తగారి ప్రక్కన నిలుచుండియే గదా. ఉపాధ్యాయులు మాత్రము తలుపు మూసికొని, ముప్పదేండ్లు ఒంటరిగా బోధింతురు.

2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయుడును ఏటేట 50 గంటలు వృత్తిజ్ఞానమునకై వినియోగింపవలెనన్నది. ఆ గంటలన్నియు ఉపన్యాసములకే పోయిన నేమి లాభము? ఒకరి తరగతిలో నొకరు కూర్చుండుటకు గొన్ని మిగిల్చిన మేలు. చిక్కొకటి కలదు: చూడబోయినవారి తరగతి నెవరు కాచెదరు? మా యూరిలో ప్రధానోపాధ్యాయులు వారమున కొక పీరియడు తామే ఆ తరగతి చూచుకొనుచున్నారు. గడుల కాగితము మూలబడినది.

మొన్న గురువారము గణితోపాధ్యాయిని మావారి తరగతిలో గూర్చుండెను. ఆనాడు వారు సంధి యడిగి, మూడు సెకండ్లు లెక్కింప మఱచి, జవాబు తామే చెప్పివేసిరట. ఆమె యేదో వ్రాసికొన్నదట.

"మిమ్ము గూర్చి యేమి వ్రాసినది?" అని యడిగితిని.

"నన్ను గూర్చి గాదు. చెప్పబోయి, నోరు తెఱచి మూసికొన్న పిల్ల పేరు వ్రాసినది" అనిరి.