పెయింట్‌బాల్ తుపాకీ: ఆడే ముందు, ఆడిన తరువాత చూసుకోవలసినవి

సెలవుల్లో ఊరికి వచ్చే పిల్లల కోసం పెయింట్‌బాల్ ఆట పెట్టాలని మన సంఘం యువకులు అడుగుతున్నారు. చెన్నైలో, బెంగుళూరులో చదివే పిల్లలకు ఇది కొత్త కాదు. మన ఇళ్లలో పెద్దలకు మాత్రం ఆ తుపాకీ ఏమిటి, పాడైతే ఏం చేయాలి, ప్రమాదం ఎక్కడుంది అన్నది తెలియదు. సరే అనడానికైనా, వద్దు అనడానికైనా ముందు తెలుసుకోవాలి కదా. అందుకే ఈ వ్యాసం.

పేరుకు తుపాకీ అంటున్నాం గానీ, ఆడేవాళ్లు దీన్ని మార్కర్ అంటారు, అంటే గుర్తు పెట్టేది. అమెరికాలో అడవిలో కొట్టవలసిన చెట్లకు, మందలో పశువులకు దూరం నుంచి రంగు గుర్తు వేయడానికి ఈ సాధనం పుట్టింది. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెనికర్ అనే ఊళ్లో పన్నెండు మంది దీనితో మొదటిసారి ఆట ఆడారు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

పని చేసే తీరు సులువే. సిలిండరులో బొగ్గుపులుసు వాయువు గానీ, బాగా ఒత్తిన గాలి గానీ ఉంటుంది. మీట నొక్కగానే లోపలి సుత్తి వాల్వును తడుతుంది. కొంచెం వాయువు ఒక్కసారిగా బయటికి వచ్చి రంగు గుండును గొట్టంలోంచి తోస్తుంది. గుండు అడ్డకొలత 0.68 అంగుళం, బరువు సుమారు 3 గ్రాములు. పైపొర జెలటిన్‌తో చేసింది, మందు మాత్రల పైపొర లాంటిది. అది జంతువుల నుంచి వచ్చే పదార్థం కాబట్టి శాకాహారపు ఇళ్లవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది. లోపలి రంగు నీళ్లతో కడిగితే పోతుంది.

విప్పే ముందు పాటించవలసిన వరుస

మగ్గం నడుస్తుండగా ఎవరూ చెయ్యి పెట్టరు. ఇదీ అంతే. వాయువు ఉండగా తుపాకీని విప్పకూడదు. వరుస ఇది:

1. కళ్లకు ముసుగు పెట్టుకోవాలి. పక్కన ఉన్నవాళ్లూ పెట్టుకోవాలి.
2. గొట్టం మూతికి గుడ్డ సంచి తొడగాలి, సేఫ్టీ మీట వేయాలి.
3. గుండ్ల డబ్బా తీసేయాలి.
4. సిలిండరును కొద్దిగా తిప్పి వదులు చేయాలి. మనుషులు లేని వైపు గురిపెట్టి, సంచి, సేఫ్టీ తీసి, చప్పుడు రాకుండా పోయేదాకా మీట నొక్కాలి. లోపల మిగిలిన వాయువు, గుండు రెండూ పోతాయి.
5. ఆ తరువాతే సిలిండరును పూర్తిగా తీయాలి.

నాలుగో మెట్టులో ఒక సంగతి ప్రాణాల మీదికి తెస్తుంది. సిలిండరు తల మీద ఇత్తడి వాల్వు ఉంటుంది. సిలిండరును తిప్పినప్పుడు వాల్వు కూడా దానితో కలిసి తిరగాలి. వాల్వు తుపాకీలోనే ఉండిపోయి సిలిండరు మాత్రం తిరిగితే, రెండూ విడిపోయి సిలిండరు రాకెట్టులా ఎగురుతుంది. అమెరికాలో ఇలా ప్రాణాలు పోయాయి. దీనికి కాణీ ఖర్చు లేని ఉపాయం ఉంది. వాల్వు మీద నుంచి సిలిండరు మీదికి గోళ్ల రంగుతో ఒకే గీత గీయాలి. తిప్పేటప్పుడు ఆ గీత విరిగినట్టు కనిపిస్తే అక్కడే ఆపాలి, ఇంక తిప్పకూడదు. అందరినీ దూరం పంపి, తెలిసినవాళ్లకు అప్పగించాలి.

మామూలుగా వచ్చే ఇబ్బందులు

బుస్సుమని వాయువు కారడం: వంటింటి గ్యాసుకు చేసినట్టే సబ్బు నీళ్లు పూసి చూడండి. ముసుగు తీయకూడదు. సిలిండరు కలిసే చోట బుడగలు వస్తే అక్కడి రబ్బరు రింగు అరిగింది. సిలిండరు తీసి, అదే కొలత రింగు మార్చాలి. గొట్టంలోంచి కారుతుంటే లోపలి రింగు గానీ, వాల్వు సీలు గానీ పోయినట్టు. అది తెలిసిన పనివాడికి ఇవ్వడమే మేలు.

గుండు గొట్టంలోనే పగలడం: ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. గొట్టంలో పాత రంగు అంటుకుని ఉండవచ్చు. గుండ్లు తేమకు ఉబ్బి ఉండవచ్చు. రెండో గుండు జారకుండా ఆపే చిన్న రబ్బరు ముక్క అరిగి ఉండవచ్చు. వేగం మరీ ఎక్కువ పెట్టి ఉండవచ్చు. మొదట గొట్టం తుడిచి చూడండి. మన ఊరి బ్యాండేజీ గుడ్డ దీనికి పనికిరాదు. దాని నేత పలుచన, పోగులు ఊడి లోపల చిక్కుకుంటాయి. పోగులు రాని మెత్తని గుడ్డ వాడాలి.

గుండు కొద్ది దూరంలోనే పడిపోవడం: వాయువు అయిపోయి ఉండవచ్చు. ఆగకుండా వరుసగా కాల్చినా బొగ్గుపులుసు వాయువు చల్లబడి ఒత్తిడి తగ్గుతుంది. కొంచెంసేపు ఆపితే తిరిగి వస్తుంది. రాకపోతే సుత్తి దగ్గర మురికి చేరిందేమో చూడాలి.

గుండు దిగకపోవడం: డబ్బాలో పగిలిన గుండు జిగట ఉందేమో, బ్యాటరీ డబ్బా అయితే బ్యాటరీ ఉందేమో చూడండి.

ఆట ముగిశాక

తడిగుడ్డతో రంగు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. తుపాకీతో వచ్చిన పుస్తకంలో చెప్పిన నూనె రెండు మూడు చుక్కలు చాలు. కొన్ని రకాలకు నూనె కాదు, గ్రీజు వేయాలి. కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే, చేతికందిన మరో నూనె వేయకండి. రబ్బరు రింగులు ఉబ్బి పాడవుతాయి. మగ్గానికి నూనె ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

మిగిలిన గుండ్లను గాలి తగలకుండా మూసి, చల్లని పొడిచోట పెట్టాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఆకారం మారిన గుండు, కింద పడిన గుండు మళ్లీ వాడకూడదు.

సిలిండరును వేరుగా, నీడలో ఉంచాలి. మన ఎండకు రేకుల షెడ్డు, మూసిన కారు రెండూ ప్రమాదమే. 21 డిగ్రీల వేడిలో బొగ్గుపులుసు వాయువు ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 850 పౌండ్లు ఉంటుంది. వేడి పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది. అందుకే దీన్ని తూకం చూసి నింపాలి, ఎక్కువ నింపకూడదు. సిలిండరు మీద పరీక్ష తేదీ చెక్కి ఉంటుంది. గడువు దాటినదాన్ని ముట్టుకోవద్దు.

అద్దెకు తెచ్చేవారిని అడగవలసినవి

వేగం కొలిచే యంత్రం ఉందా? సెకనుకు 300 అడుగులు దాటకూడదు. చాలా మైదానాల్లో ఇంకా తక్కువే పెడతారు. ప్రతి పిల్లవాడికి పెయింట్‌బాల్ కోసమే చేసిన ముసుగు ఉందా? చదువుకునే అద్దాలు, చలువ అద్దాలు, బండి హెల్మెట్టు దానికి సాటిరావు. సిలిండర్ల పరీక్ష తేదీలు చూపిస్తారా? ప్రతి తుపాకీకి గొట్టం సంచి ఉందా? ఈ నాలుగింటిలో ఒక్కదానికి లేదన్నా ఆట వద్దనడమే మంచిది.

గుండు ఒంటికి తగిలితే కమిలిన మచ్చ, నాలుగు రోజుల్లో మానుతుంది. కంటికి తగిలితే చూపు పోవచ్చు. పక్కనే శివకాశి ఉన్న మనకు దీపావళినాటి కంటి గాయాల సంగతి తెలియనిది కాదు. డాక్టర్ జి. వెంకటస్వామి గారు 1976లో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి మదురైలో ఉంది నిజమే. కానీ అక్కడికి పరుగెత్తే పని రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. ఆట మైదానంలో ముసుగు తీసిన పిల్లవాడు ఎవరి బిడ్డ అయినా సరే, ఆట ఆపి తొడిగించండి. చెమట పట్టింది, మసక కమ్మింది అంటే మైదానం బయటికి తీసుకువచ్చి తుడుచుకోమనండి. ఆ ఒక్క నియమం విషయంలో బంధుత్వం, మొహమాటం పక్కన పెట్టాలని పెద్దలను కోరుతున్నాను.