పాత కారుకు ప్రాణం పోస్తున్నారా?

పార్కింగ్‌లో ఓ మూల కవరు కప్పుకుని పాత పాలియో నిలబడి ఉందా? అదీ 2001లో వచ్చిన 1.6 జీటీఎక్స్ అయితే, తుక్కుకు అమ్మేయమని ఇంట్లో ఎంత పోరుపెట్టినా మీకు మనసొప్పదు. చిన్న కారులో 100 హార్స్‌పవర్ ఇంజిన్, పైగా సచిన్ టెండూల్కర్ ప్రచారం... అప్పటి కుర్రకారు కలల్లోకి వచ్చిన బండి అది. ఇప్పుడేమో సైలెన్సర్‌లోంచి నీలం పొగ. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విడిభాగాలు వెతికి, లేత్ షాపులో బోరింగ్ చేయించి, పిస్టన్లు, రింగులు సెలవు రోజుల్లో మీరే బిగించుకుందామని చూస్తున్నారు.

మంచి ఆలోచనే. ఫోన్ పక్కన పడేసి రెండు చేతులా పనిచేయడం కన్నా మనసుకు విశ్రాంతి ఏముంటుంది? కాకపోతే ఒక చిక్కుంది. పానా జారి వేలు చిట్లితే వెంటనే తెలుస్తుంది, కట్టు కట్టుకుంటారు. ఈ పనిలో అసలు హాని చేసేవాటిలో చాలా వరకు నొప్పి పుట్టించవు.

జాకీని నమ్మొద్దు

ఇంజిన్ బరువు వంద కిలోల పైమాటే. ఇద్దరు మనుషులు, ఒక తాడు ఉంటే చాలనుకోకండి. చైన్ కప్పీ, దాన్ని తగిలించే స్టాండు అద్దెకు తెచ్చుకోండి. పోర్టికోలో ఉన్న కొక్కెం ఉయ్యాల కోసం వేసింది, ఇంజిన్ కోసం కాదు. దించాక నడుమెత్తు ఇనుప బల్ల మీద పెట్టుకుంటే మీ వెన్ను బతికిపోతుంది.

జాకీ ఉన్నది కారును పైకి లేపడానికే, లేపి ఉంచడానికి కాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చడం ఇంకా ప్రమాదం. అవి చెప్పాపెట్టకుండా పగిలిపోతాయి. గట్టి నేల మీద ఇనుప స్టాండ్లు పెట్టి, కారును చేత్తో ఊపి చూశాకే కిందికి దూరండి. ఆ సమయంలో పిలిస్తే పలికే దూరంలో ఇంట్లోవాళ్లు ఒకరుండాలి. ఉంగరం, వాచీ, కడియం ముందే తీసి లోపల పెట్టండి. బ్యాటరీ పాజిటివ్‌కూ కారు బాడీకీ మధ్య ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాల్చేస్తుంది.

చేతులు నల్లబడితే...

వాడిన ఇంజిన్ ఆయిల్ ఊరికే నల్లబడదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అందులో చేరుతుంటాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నూలు మిల్లుల్లో కార్మికుల బట్టలు యంత్రాల నూనెతో రోజూ తడిసిపోయేవి. ఏళ్ల తరబడి అలా పనిచేసినవారిలో చాలామందికి వృషణాల తిత్తి చర్మానికి క్యాన్సర్ వచ్చింది. ఒక్క వేసవిలో ఒక ఇంజిన్ విప్పితే మీకలా అవుతుందని భయపెట్టడం లేదు. కానీ ఆయిల్ గుడ్డను ప్యాంటు జేబులో దోపుకునే అలవాటు మాత్రం ఈ రోజే మానేయండి. ఆ బట్టల్ని పిల్లల బట్టలతో కలిపి ఉతకనూ వద్దు.

ఇంకో అలవాటు, పని అయ్యాక పెట్రోలుతో చేతులు కడుక్కోవడం. జిడ్డు పోతుంది, నిజమే. దాంతోపాటు చర్మంలోని సహజమైన నూనె కూడా పోయి పగుళ్లు, దురద మొదలవుతాయి. పెట్రోల్లో ఉండే బెంజీన్ రక్తక్యాన్సర్‌కు దారితీయగల పదార్థం. అది చర్మం గుండా, ఊపిరి గుండా ఒంట్లోకి చేరుతుంది. దానికి బదులు కొబ్బరినూనె పట్టించి, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. నైట్రైల్ గ్లౌజులు వేసుకుంటే ఈ బాధే ఉండదు. అయితే గ్రైండర్, డ్రిల్లు పట్టుకున్నప్పుడు గ్లౌజులు తీసేయాలి. తిరిగే భాగం వాటితోపాటు వేళ్లనూ లాగేస్తుంది.

గ్రైండర్ అన్నాం కాబట్టి కళ్ల మాట. పక్కల నుంచి కూడా మూసి ఉండే కళ్లద్దాలు కావాలి. వేగంగా వచ్చిన ఇనుప రజను కంట్లోకి దిగినా ఒక్కోసారి నొప్పే ఉండదు. చేతిరుమాలు కొసతో తీయించుకోకుండా అదేరోజు కంటి డాక్టరును కలవండి. బ్రేకుల దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదడమూ మానాలి. మన దేశంలో ఆస్‌బెస్టాస్‌పై పూర్తి నిషేధం లేదు, పాత లైనింగుల్లో అది ఉండొచ్చు. దుమ్మును తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

కూలెంట్ తీసి కూల్‌డ్రింకు సీసాలో పోశారా? వెంటనే మార్చండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, రంగు చూస్తే షర్బత్తే. పిల్లలు కొద్దిగా తాగినా కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణాలకే ముప్పు. తాగారని అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

స్టార్ట్ చేసే రోజు

నెలల శ్రమ తర్వాత ఇంజిన్ అందుకున్న క్షణం... ఇంట్లోవాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడతారు. లీకులు చూసుకుంటూ అరగంట నడుపుతారు. చుట్టుపక్కలవాళ్లు తిడతారని షట్టర్ దించుతారు. ఇదే ప్రమాదం.

చల్లటి ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. వేడెక్కేదాకా క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయదు. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వస్తే ఎండదెబ్బ అనుకుని అక్కడే కూర్చుండిపోతారు. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ తెచ్చి పెడితే 98 చూపిస్తుంది. దాన్ని నమ్మొద్దు, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌నూ అది ఆక్సిజన్ లెక్కలోనే వేస్తుంది.

షట్టర్ సగం ఎత్తితే సరిపోదు. కారును ఆరుబయటికి నెట్టి, పొగ కిటికీల వైపు పోకుండా చూసుకుని స్టార్ట్ చేయండి. ఎవరికైనా తల తిరిగితే ముందు బయటి గాలిలోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి. మూసిన చోట ఇంజిన్ నడిచిందని డాక్టరుకు చెప్పడం మర్చిపోవద్దు. అప్పుడే రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ పరీక్ష చేయించి ఆక్సిజన్ పెడతారు. తలనొప్పి తగ్గి ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు కనిపెట్టుకుని ఉండాలి. మతిమరుపు, చిరాకు, నడకలో తడబాటు కనిపిస్తే మళ్లీ అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి.