‘పారసైట్’: మూడో అంతస్తు మాటేమిటి?

దక్షిణ కొరియా దర్శకుడు బోంగ్ జూన్ హో తీసిన ‘పారసైట్’ 2019లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారాన్ని, 2020 ఫిబ్రవరిలో నాలుగు ఆస్కార్లను గెలుచుకుంది. ఆంగ్లేతర చిత్రం ఆస్కార్‌లో ఉత్తమ చిత్రంగా నిలవడం అదే మొదటిసారి. మన దగ్గరా దానిమీద చర్చ సాగింది. ఆ చిత్రం తనకు విసుగు పుట్టించిందని రాజమౌళి అన్నారు. 1999 నాటి తమిళ చిత్రం ‘మిన్సార కన్నా’కు అది నకలని ఒక తమిళ నిర్మాత ఆరోపించారు. ఆ వివాదాలు వచ్చినంత వేగంగానే పోయాయి. నా పేచీ చిత్రాన్ని మెచ్చుకున్నవారితో.

ఎక్కువమంది సమీక్షకులు ఈ కథను రెండు ఇళ్ల మధ్య వైరుధ్యంగా చదివారు. ఎత్తున పార్క్‌ల బంగళా, పల్లంలో సగం నేలలో కూరుకున్న కిమ్‌ల ఇల్లు. పైన ధనికులు, కింద పేదలు. ఈ పఠనం తప్పు కాదు గానీ చాలదు. ఈ చిత్రంలో అంతస్తులు రెండు కావు, మూడు. బంగళా అడుగున నేలమాళిగలో పాత పనిమనిషి భర్త ఏళ్ల తరబడి దాక్కుని ఉంటాడు. కిమ్‌లు అబద్ధాలాడి, దొంగ పత్రాలు చూపి ఒక్కొక్కరే కొలువుల్లో చేరుతున్నంతసేపూ మనం నవ్వుతాం. తమకంటే కింద మరొకరున్నారని వారికి తెలిసిన క్షణం నుంచి ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది.

ఆ పాత పనిమనిషి కిమ్ ఇల్లాలిని ‘అక్కా’ అని పిలిచి, మనమంతా లేనివాళ్లమే కదా అని వేడుకుంటుంది. నేను లేనిదాన్ని కాదని ఆమె తోసిపుచ్చుతుంది. కాసేపటికి పరిస్థితి తిరగబడుతుంది. ఈసారి ఆ చుట్టరికాన్ని కాదనే వంతు పనిమనిషిది. మాళిగలోని మనిషి తనను తొక్కిపట్టిన మెట్లను కాక, పైనున్న పార్క్ బొమ్మను చూసి మొక్కుతాడు. డాక్టర్ అంబేద్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఇలాగే పనిచేస్తుంది. ప్రతి మెట్టుకూ తొక్కడానికి కింద ఇంకో మెట్టు దొరుకుతుంది కనుక నిచ్చెన కూలదు. పేద బీసీ కుటుంబం వెలివాడ వైపు చూసే చూపులోనూ, దళిత కులాల మధ్య మిగిలివున్న హెచ్చుతగ్గుల్లోనూ ‘నేను లేనిదాన్ని కాదు’ అన్న ఆ మాట మనకు వినిపించడం లేదా? వర్గం అనే ఒక్క మాటతో చిత్రాన్ని ముగించిన విమర్శకు ఈ ప్రశ్న ఎదురుపడలేదు.

ఇక వాసన. బట్టలు, భాష, చదువు అన్నీ నటించగలిగిన కిమ్‌లను వాసన ఒక్కటే పట్టిస్తుంది. పతాక సన్నివేశంలో పార్క్, మాళిగ మనిషి శరీరం కిందనున్న కారు తాళాన్ని తీసుకుంటూ ముక్కు మూసుకుంటాడు. ఆ అసహ్యం డ్రైవర్ కిమ్ మీద కాదు, అతని కంటే కింది మనిషి మీద. అయినా కిమ్ దాన్ని తన అవమానంగానే అందుకుని కత్తి దూస్తాడు. కింది మెట్టు అవమానాన్ని పై మెట్టు తనదిగా గుర్తించిన సందర్భం చిత్రం మొత్తంలో అదొక్కటే. కానీ అప్పటికి ఆలస్యమైంది. సంఘటన కావలసిన కోపం హత్యగా మిగిలింది. సమీక్షలు ఆ కత్తిపోటును పేదవాడి ఆగ్రహంగా వర్ణించాయి. ఆ ఆగ్రహం ఎవరి పక్షాన పుట్టిందో గమనించి ఉంటే, మన విద్యార్థి ఉద్యమాలకు అందులో ఒక పాఠం దొరికేది.

కొరియా కథను మన కులానికి నేరుగా అతికించలేమని నాకు తెలుసు. అది తమ సగం నేలమాళిగ ఇంటి వాసన అనీ, ఇల్లు మారితే తప్ప పోదనీ కిమ్‌ల కూతురు అంటుంది. మన దగ్గర అది ఇంటి వాసన కాదు. కొన్ని కులాల చేత తరతరాలుగా పాకీపని చేయించి, ఆ మురికిని వారి పుట్టుకకు అంటగట్టారు. 1993లో, 2013లో చట్టాలు ఆ పనిని నిషేధించాయి. అంటగట్టిన ముద్ర మాత్రం కొలువు మారినా వెంట వస్తూనే ఉంది. కిమ్‌లు ఇల్లు మారితే వాసన వదులుతుంది. మన నగరాల్లో అద్దెకు ఇల్లు దొరకాలంటే ముందు ఇంటిపేరు చెప్పాలి.