వాల్తేరు థీసిస్‌లు

ఐసెలిన్‌లో మన ఇళ్ళ బేస్‌మెంట్లలో వాల్తేరు థీసిస్‌లు కొన్ని అట్టపెట్టెల్లో మగ్గుతున్నాయి. "అక్కడ కూడా రీసెర్చి ఉండేదా నాన్నా?" అని పిల్లలు అడిగితే మనం నవ్వి ఊరుకుంటున్నాం. ఊరుకోవలసిన పని లేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరింది. తొలి దశాబ్దాలలోనే అక్కడ ఫిజిక్సులో సూరి భగవంతంగారు రామన్ ఫలితం మీద, కెమిస్ట్రీలో టి.ఆర్. శేషాద్రిగారు మొక్కలలోని రంగు పదార్థాల మీద పనిచేశారు. అక్కడ లెక్కలు చదివిన సి.ఆర్. రావుగారు 1945లో కలకత్తాలో ప్రచురించిన వ్యాసం స్టాటిస్టిక్సుకు పునాదిరాళ్ళలో ఒకటయింది. 2023లో, 102 ఏళ్ళు నిండాక, ఆయనకు స్టాటిస్టిక్సులో అంతర్జాతీయ బహుమతి వచ్చింది.

1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్‌గారు వాల్తేరు వెళ్ళి, మన విద్యార్థులతో కలిసి సముద్రాన్ని కొలిచారు. ఎండలు ముదిరే రోజుల్లో నైరుతి గాలి తీరం వెంట వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనీరు గాలికి కుడివైపు, అంటే నడిసముద్రం వైపు జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లనీరు పైకి వస్తుంది. దానితోపాటు వచ్చే లవణాలే నాచుకు ఎరువు, నాచు చేపలకు ఆధారం. బీచిలో మనం తిరుగుతూ చూసిన సముద్రమే అది!

సభ్యులకు మా మనవి ఒక్కటే. పెట్టె దించండి. మీ థీసిస్ దేని గురించో పిల్లలకు అర్థమయ్యేలా ఒక్క పేజీ తెలుగులో రాసి పంపండి, వేస్తాం. మనం చెప్పకపోతే, అక్కడ ఏమీ జరగలేదనే వాళ్ళు పెరుగుతారు.