అమరావతి జమీ: గుడికి నిలిచింది, గుమ్మానికి నిలవలేదు

మాఘం దాటితే గుంటూరు నుంచి తాడికొండ మీదుగా అమరావతి వెళ్లే దారిలో ఎక్కడ చూసినా మిరప కల్లాలే. రెండు శతాబ్దాల కిందట ఈ నల్లరేగడి మీద శిస్తు వాసిరెడ్డి వారి కచేరీకి చేరేది. కృష్ణ ఒడ్డున చింతపల్లి వారి పాత కోట. 1783లో జమీ అందుకున్న వెంకటాద్రి నాయుడు ఆ శతాబ్దం ముగిసేలోపే మకాం అమరేశ్వరుడి సన్నిధికి మార్చి, కొత్త పట్నం కట్టించాడు.

ఆ పట్నానికి ఇటుక, రాయి కావాలి. ఊరి పక్కనే దీపాలదిన్నె. కూలీలు తవ్వేసరికి చెక్కడపు పాలరాతి పలకలు బయటపడ్డాయి, చాలామటుకు కట్టుబళ్లలో కలిసిపోయాయి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాకే అది మహాస్తూపమని లోకానికి తెలిసింది. స్తూపం నాశనానికి నాయుడొక్కడినే నిందించడం నాకు న్యాయమనిపించదు. తరవాత తవ్వినవాళ్లంతా చదువుకున్న దొరలే. 1845లో వాల్టర్ ఇలియట్ తీయించిన పలకలు మద్రాసు చేరి, అక్కణ్ణుంచి లండన్‌కి ఓడెక్కాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

నాయుడు దేవుడికి కట్టించినవి మాత్రం చెక్కుచెదరలేదు. మంగళగిరి నరసింహస్వామి గాలిగోపురం పదకొండు అంతస్తులు. కింద నిలబడి తలెత్తితే మెడ నొప్పెడుతుంది. చేబ్రోలులో కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ ఆలయం ఉంది. అమరేశ్వరుడి గుడినీ ఆయన బాగుచేయించాడు. అక్కడ లింగం ఎంత ఎత్తంటే, అర్చకులు పై అంతస్తుకెక్కి అభిషేకం చేస్తారు. వీటన్నిటికీ డబ్బు ఈ పొలాల రైతులదేనన్న మాట ఏ శాసనంలో ఉన్నా లేకున్నా మనం మరిచిపోకూడదు.

1816లో ఆయన కన్నుమూశాడు. కన్నబిడ్డలు లేరు. ముందు జగన్నాథ బాబును, ఆ దత్తపుత్రుడు ఉండగానే రామనాథ బాబును దత్తత చేసుకున్నాడు. ఆ రెండో దత్తతే కొంప ముంచింది. తగవు ఇక్కడి కోర్టుల్లో మొదలై లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. వాది ప్రతివాదులు పోయినా వ్యాజ్యం పోలేదు. మధ్యలో 1832-33 నందన కరువు వచ్చిపడి, గుంటూరు సీమలో ఐదు లక్షల జనంలో రెండు లక్షల దాకా పొట్టన పెట్టుకుంది. దున్నేవాడే లేని పొలానికి శిస్తెక్కడిది? బకాయిలు పేరుకుపోయి, 1840లలో జమీ సర్కారు పరమైంది.

దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని ప్రివీ కౌన్సిల్ తేల్చింది 1846లో. రంగమ్మ, అచ్చమ్మ అనే స్త్రీల పేర్లతో నమోదైన ఆ కేసును హిందూ న్యాయశాస్త్ర గ్రంథాలు నేటికీ ఉదహరిస్తాయి. ముప్ఫై ఏళ్లు పోరాడి తేల్చుకున్న హక్కు అది. తీర్పు వచ్చేసరికి పంచుకోవడానికి జమీయే మిగల్లేదు.