‘శక్తి’ ఆల్బమ్‌లో పాలకొల్లు పేరు

2024 ఫిబ్రవరి 4న ‘శక్తి’ బృందానికి గ్రామీ వచ్చిందని తెలియగానే జాకీర్ హుస్సేన్, శంకర్ మహదేవన్‌ల పేర్లు చెప్పుకుని మురిసిపోయాం. మురిసిపోవాల్సిందే. అయితే బహుమతి తెచ్చిన ‘దిస్ మూమెంట్’ ఆల్బమ్‌లో మొదటి ట్రాక్ పేరు ‘శ్రీనిస్ డ్రీమ్’. ఆ శ్రీని మన పాలకొల్లు బిడ్డ, మాండలిన్ శ్రీనివాస్. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన వాయింపు విలువ తెలియాలంటే ముందు శక్తి తాళాల లెక్క తెలియాలి.

రాక్‌ను నాలుగు దెబ్బల నడక నుంచి తప్పించి ఐదు, ఏడు లెక్కల్లో వాయిస్తే దాన్ని మ్యాథ్ రాక్ అంటున్నారు. ఆ పేరు పుట్టకముందే, 1970ల్లో, గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రాతో అలాంటి లెక్కలు వాయించారు. తర్వాత మన తాళాల దగ్గరికే వచ్చి శక్తిని స్థాపించారు. ఏడు మనకు కొత్తేమీ కాదు.  గురజాడ 1910లో ముత్యాల సరాన్ని నడిపించింది మూడూ నాలుగూ కలిపే. మృదంగం మీద అదే తకిట తకధిమి. అందుకే లెక్క కష్టంగా ఉందని చప్పట్లు కొట్టే విమర్శ నాకు రుచించదు. లెక్క తప్పకుండా పాట పాడిందా లేదా అన్నదే అసలు పరీక్ష.

శ్రీనివాస్ ఆ పరీక్ష చిన్నప్పుడే నెగ్గారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ. మాండలిన్ తీగ మీటగానే మోగి ఆగిపోతుంది, గమకానికేమో నాదం సాగాలి. జంట తీగల మాండలిన్ వదిలేసి, ఒంటి తీగలు ఐదు బిగించిన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. మీటిన తీగ మీద వేలు జారుతుంటే స్వరం వంగుతూ పైమెట్టుకు చేరేది. ఈ వాయిద్యానికి గమకం పలుకుతుందా అన్నవాళ్లకు అదే జవాబు.

1977లో ‘నేచురల్ ఎలిమెంట్స్’ తర్వాత శక్తి పేరుతో వచ్చిన స్టూడియో ఆల్బమ్ ‘దిస్ మూమెంట్’, 2023లో. కోవిడ్ రోజులు కావడంతో ఎక్కువ భాగం ఎవరి చోట వాళ్లు వాయించి, పంపుకుని, కూర్చారు. బృందంలోని సెల్వగణేశ్, గణేశ్ రాజగోపాలన్‌ల పనితనంలో వంక లేదు. ప్రతి దెబ్బా అద్దంలా తెలుస్తుంది. నాకు కొరతగా తోచింది ఒక్కటే, ఒకరి వాయింపుకి ఇంకొకరు అక్కడికక్కడే ఉలిక్కిపడి జవాబివ్వడం.

ఆ తేడా తెలియాలంటే ‘గిరిరాజ్ సుధ’ వినాలి. త్యాగయ్య గారి ‘గిరిరాజసుతా తనయ’ కీర్తన అది. ‘రిమెంబర్ శక్తి’ పేరుతో మళ్లీ కలిసిన బృందం 2001లో విడుదల చేసిన ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’లో శ్రీనివాస్ ఉన్నారు, 2023లో అదే కీర్తన ఆయన లేకుండా మళ్లీ వచ్చింది. కొత్తది బాగుంది, గౌరవంగా ఉంది. పాతదాంట్లో మాండలిన్ పలుకుతుంటే త్యాగయ్య గారి నోటి మాట తెలుస్తుంది. ముందు అది వినండి.