పలక తుడిచిన మంచు

మార్కాపురం పలక మీద బలపంతో రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఆకాశం రాళ్ల మీద రాసే రాత అలా పోదు. దాన్ని చెరపాలంటే హిమానీనదం లాంటిదేదో దిగిరావాలి.

అంతరిక్షం నుంచి విశ్వకిరణాలు రాత్రింబగళ్లు కురుస్తూనే ఉంటాయి. వాటి వల్ల గాలిలో పుట్టే న్యూట్రాన్లు పలుగురాయిలోని ఆక్సిజన్‌ను బద్దలుకొట్టినప్పుడు బెరీలియం-10 తయారవుతుంది. మహా పిసినారి లెక్క ఇది: ధ్రువాల వైపు, సముద్రమట్టాన, గ్రాము పలుగురాయికి ఏడాదికి సుమారు 4 పరమాణువులు! కొండెక్కేకొద్దీ గాలి పలచబడి ఈ సంఖ్య పెరుగుతుంది.

దట్టమైన మంచు కింద ఉన్న రాయికి ఈ కిరణాలు అందవు. పైగా కదిలే మంచు రాతి పైపొరను గీకి పట్టుకుపోతుంది. రెండు మూడు మీటర్లు గీకితే పాత పద్దు దాదాపు మాయం. మంచు వెనక్కి తగ్గి రాయికి ఎండ తగిలిన నాటి నుంచి కొత్త పద్దు మొదలవుతుంది. ఏడాదికి 4 చొప్పున గ్రాములో 48,000 పరమాణువులు తేలితే, ఆ రాయి బయటపడి 12,000 ఏళ్లన్నమాట.

చెప్పినంత తేలిక కాదు. బండ మధ్యలో దొర్లినా, మట్టి కప్పినా వయసు తక్కువ చూపిస్తుంది. మంచు సరిగా గీకకపోతే ఎక్కువ చూపిస్తుంది. అందుకే ఒక్క బండను నమ్మరు. హిమానీనదం వదిలివెళ్లిన గుట్టల మీద పెద్ద బండలు నాలుగైదు ఎంచుకుని, సుత్తీ ఉలీతో పైచెక్కు తీస్తారు. హిమాలయాల్లో గంగోత్రి లోయ బండలకు ఇలాగే వయసు కట్టారు. బెరీలియం-10ను లెక్కపెట్టే యాక్సిలరేటర్ ఢిల్లీలోనూ ఉంది.

ఈ పరీక్షకు మార్కాపురం పలకరాయి పనికిరాదు. అది సన్నటి బురద గట్టిపడి ఏర్పడింది, పలుగురాయిని విడదీయడం కష్టం. గనిలో లోతు నుంచి తీసిన రాయికి ఆకాశం సంగతే తెలియదు. గిద్దలూరు దాటి దిగువమెట్ట వైపు వెళితే నల్లమలలో కనిపించే క్వార్ట్జైట్ గట్లు వేరు. వాటి నిండా పలుగురాయే. అయితే 20,000 ఏళ్ల కిందటి మంచుయుగంలో కూడా నల్లమల మీద హిమానీనదాలు లేవు. ఇక్కడ బెరీలియం చెప్పగలిగేది కొండ ఎంత నిదానంగా అరుగుతోందన్నదే.

తెలుగు నేలకు హిమానీనదాలు వచ్చిన మాట మాత్రం నిజం. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట అవి వదిలిన గులకబండల పొరలు గోదావరి లోయలో ఉన్నాయి. ఆదిలాబాద్ సరిహద్దున పారే పెన్‌గంగ ఒడ్డున, చంద్రపూర్ దగ్గరి ఇరైలో, మంచు నునుపు చేసి గీతలు గీసిన సున్నపురాయిని 1870లలోనే భూగర్భ సర్వేవాళ్లు గుర్తించారు. బెరీలియం-10 దాదాపు 14 లక్షల ఏళ్లకోసారి సగమైపోతుంది కనుక ఆ కాలపు పద్దులో ఒక్క పరమాణువూ మిగల్లేదు. మంచు ఎటు కదిలిందో చెప్పే గీతలు మాత్రం బండ మీద అలాగే ఉన్నాయి.